ఎవరిని పలకరించాలి

ఫ్యాన్లు బాగుచేసే ఫ్యాన్లాయన భార్య పోయి నెల దాటినా పలకరించడానికి వచ్చేవాళ్ళు తగ్గలేదు. ఆ ఉదయం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒకప్పుడు సూపర్‌వైజరుగా పనిచేసిన పెద్దాయన వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, నేరుగా వెళ్ళి ఫ్యాన్లాయన పక్క కుర్చీలో కూర్చుని, ఆయన చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చేతిలో రాగితీగ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఫ్యాన్లాయన అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"ధైర్యంగా ఉండాలయ్యా. అలాంటి మనిషి దొరకడమే నీ అదృష్టం. బోర్డు మీద ఆవిడ గొంతు వింటే చాలు, ఎంత మండిపడుతూ ఫోన్ చేసినవాడైనా మెత్తబడిపోయేవాడు."

"అవునండీ," అన్నాడు ఫ్యాన్లాయన.

లోపలి నుంచి ఆపరేటరమ్మ టీ తెచ్చింది. ఆమె ఫ్యాన్లాయనకి అక్క. ఆ ఎక్స్ఛేంజిలోనే, పోయిన మరదలి పక్క సీట్లోనే, రిటైరయ్యేదాకా పనిచేసింది. సూపర్‌వైజరు కప్పు అందుకుంటూ అప్పుడే కనబడినట్టు ఆమె వైపు చూశాడు.

"నువ్వు గట్టిగా ఉండాలమ్మా. తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండాలి. ఇలాంటప్పుడు మగవాడు ఒంటరైపోతాడు."

"అలాగేనండీ."

ఆయన ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువైనట్టుంది," అన్నాడు.

"తెస్తాను," అని ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళింది.

ఇదంతా గది మూలన స్టూలు మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి చూస్తోంది. ఆ వీధిలో ఆమెకి అప్పుడే రికార్డరమ్మాయి అని పేరు పడిపోయింది. ఎక్స్ఛేంజిలో పనిచేసిన ఆడవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసుకుంటానని వచ్చింది. అది అబద్ధం కాదు గానీ, పూర్తి నిజమూ కాదు. ఆమె పరిశోధన చరిత్రలో. ఆడవాళ్ళను ప్రేమించిన ఆడవాళ్ళు, మగవాళ్ళను ప్రేమించిన మగవాళ్ళు, ఆడామగా అన్న రెండు గళ్ళలో ఎందులోనూ ఇమడనివాళ్ళు, వీళ్ళంతా ఈ వందేళ్ళలో ఎలా బతికారు, తమని తాము ఏమనుకున్నారు అన్నది అంశం. వాళ్ళమ్మ ఫోనులో "చరిత్రంటే రాజులా?" అని అడిగినప్పుడు "రాజులు కాదమ్మా, ఇళ్ళల్లో వాళ్ళు," అని ఊరుకుంది. "ఇళ్ళల్లో వాళ్ళకి చరిత్రేమిటే," అని వాళ్ళమ్మ నవ్వింది.

వాళ్ళమ్మ అన్నదాంట్లోనూ కొంత నిజం లేకపోలేదు. ఇంతకాలం ఆ అమ్మాయి తిరగేసిందంతా పోలీసు కాగితాలూ కోర్టు తీర్పులూ పాత పత్రికల్లో రచ్చకెక్కిన వార్తలూ. చరిత్రలో ఉన్నదంతా పట్టుబడ్డవాళ్ళే. పట్టుబడకుండా హాయిగా వంట చేసుకుని, ఉద్యోగం చేసుకుని, ముసలివాళ్ళై పోయినవాళ్ళ గురించి ఎక్కడా ఒక్క అక్షరం లేదు. అలాంటివాళ్ళు కావాలని తిరుగుతూ తిరుగుతూ ఈ ఇంటికి చేరింది. ఎక్స్ఛేంజి హాస్టల్లో ఏళ్ళ తరబడి ఒకే గదిలో ఉన్న ఇద్దరు, తర్వాత వదినా మరదళ్ళయ్యారని ఎవరో అంటే చెవులు నిక్కబొడుచుకుని వచ్చింది. తీరా వచ్చేసరికి ఇద్దరిలో ఒకరు పోయారు. ఉన్న ఆవిడ రెండు రోజులుగా కేబుళ్ళ గురించి, డ్యూటీల గురించి తప్ప ఇంకొక ముక్క మాట్లాడలేదు.

సూపర్‌వైజరు వెళ్ళాక అమ్మాయి ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆపరేటరమ్మ కొళాయి తిప్పి, గిన్నె కింద పెట్టి, కడగకుండా నిలబడి ఉంది.

"మీకెలా ఉందమ్మా?" అంది అమ్మాయి.

అది ప్రశ్నల కాగితంలోది కాదు. నోటికి అలా వచ్చేసింది. ఆపరేటరమ్మ కొళాయి కట్టేసింది. గిన్నె నిండి నీళ్ళు అంచుల మీదుగా పోతున్న సంగతి అప్పటిదాకా ఆమె గమనించనేలేదు.

"ఈ నెల్లాళ్ళలో ఎంతమందో వచ్చారమ్మాయ్. ఆ మాట నన్నెవరూ అడగలేదు." చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. తడి లేని వేళ్ళ సందుల్లో కూడా తుడుచుకుంది. "రేపు పొద్దున వాడు తీగ కొనడానికి వెళ్తాడు. అప్పుడు రా. నీ మిషను తీసుకురా."

మర్నాడు వెనకగదిలో కూర్చున్నారు. కిటికీ కింద ఒకే పెద్ద మంచం, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి. రికార్డరు నొక్కే ముందు అమ్మాయి చెప్పవలసిన మాటలు చెప్పింది. ఎవరి పేర్లూ రాయదు. వద్దన్నది తీసేస్తుంది. ఇక్కడ విన్నది ఈ ఇంట్లో మరెవరితోనూ అనదు.

"వాడితో కూడానా?"

"బాబాయిగారితో కూడా అనను. రాసింది ముందు మీకు చదివి వినిపిస్తాను. మీరు సరేనంటేనే ఉంటుంది."

ఆపరేటరమ్మ తల ఊపింది. మొదలుపెట్టాక ఆగలేదు.

ఎక్స్ఛేంజిలో పేర్లుండవు, సీటు నంబర్లే. ఈమె ఐదు, ఆమె నాలుగు. బోర్డు మీద చిన్న దీపం వెలగగానే తీగ లాగి గుచ్చాలి, నంబరు అడగాలి, రెండో తీగ గుచ్చాలి. సీట్లు ఎంత దగ్గరంటే ఒకరి చేతుల మీదుగా ఇంకొకరు చెయ్యి చాపాలి. మోచేతులు తగులుతూనే ఉంటాయి. హెడ్‌సెట్ ఒక చెవికే ఉంటుంది.

"ఒక చెవి జనానికి, ఒక చెవి తనకి," అంది ఆపరేటరమ్మ. "జనం అరుస్తూనే ఉండేవాళ్ళు. తను మధ్యలో ఒక ముక్క అనేది. నేను నవ్వు ఆపుకోలేక నంబరు తప్పు కలిపేదాన్ని. ఎంతమందిని ఎవరెవరితో మాట్లాడించానో ఆ దేవుడికే తెలియాలి."

"మీ ఇద్దరి మధ్య ఉన్నదాన్ని అప్పట్లో మీరు ఏమనుకునేవారమ్మా?"

"ఏమనుకుంటాం? డ్యూటీ ఎప్పుడైపోతుందా అనుకునేవాళ్ళం."

అమ్మాయికి నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె పరిశోధనలో మొదటి అధ్యాయమంతా ఆ ప్రశ్న మీదే నడుస్తుంది.

"అదికాదమ్మా. దానికొక పేరు..."

"పేరుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. పిలిస్తే నలుగురికీ వినబడుతుంది. మాకు పేరు లేదు కాబట్టే బతికిపోయాం." ఆపరేటరమ్మ దుప్పటి మీద లేని ముడతని అరచేత్తో సాపు చేసింది. "హాస్టల్లో వార్డెను మారింది. కొత్తావిడ మా ఇద్దరికీ వేరువేరు గదులు ఇస్తానంది. ఇంట్లో వాళ్ళు నాలుగుకి పెళ్ళి చేస్తామని పట్టు పట్టారు. ఏడ్చుకుంటూ కూర్చుంటే నాకే తట్టింది. మా తమ్ముణ్ణి చేసుకోవే అన్నాను. వాడు మెతక. నోట్లో నాలుక లేనివాడు. మనిద్దరం ఒక ఇంట్లో ఉంటే వేలెత్తి చూపేవాడెవడు? వదినామరదళ్ళు కలిసి ఉంటే మెచ్చుకుంటారు గానీ."

"మెచ్చుకున్నారా?"

"మెచ్చుకోకేం. వీధిలో అత్తలంతా కోడళ్ళకి మమ్మల్నే చూపించేవాళ్ళు. ఆడపడుచూ మరదలూ అంటే అలా ఉండాలని." ఆమె నవ్వింది. ఆ నవ్వు కాసేపట్లోనే పాడైపోయింది. "వాడికి గురకని, పక్కన పడుకోలేకపోతోందని అందరికీ చెప్పాం. అందుకే మరదలు నా గదిలో పడుకుంటుందని. పాపం వాడు పుట్టినప్పట్నుంచి ఏనాడూ గురకపెట్టలేదు."

"ఆయనకి తెలియదా?"

"తెలియదు." వెంటనే వచ్చిందా మాట. "తెలియకుండా చూసుకున్నాను. వాడి ముందు తనతో గట్టిగా నవ్వేదాన్ని కూడా కాదు. పిల్లల్లేరని జనం వాడి మీద జాలిపడుతుంటే నేను గుమ్మం పక్కన నిలబడి వినేదాన్ని. వాడి జీవితాన్ని మేము వాడుకున్నామమ్మాయ్. దానికి నాకు నిష్కృతి లేదు. అందుకే అందరూ వచ్చి వాణ్ణి పలకరిస్తుంటే టీలు అందిస్తున్నాను. అదైనా వాడికి దక్కాలి కదా."

రికార్డరు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

"కానీ ఒక్కటి రాయి," అంది ఆపరేటరమ్మ. "పేరొద్దు, ఊరొద్దు. పోయింది నా మనిషని రాయి. ఎక్కడో ఒకచోట ఆ మాట ఉండాలి. నేను బతికుండగా ఎవరో ఒకరు చదువుకోవాలి."

యూనివర్సిటీలో ఆమె పరిశోధన చూసే గైడుగారి గదిలో ఎప్పుడూ ఒక్క కుర్చీ కూడా ఖాళీగా ఉండదు, అన్నిటి మీదా పుస్తకాలుంటాయి. అమ్మాయి నిలబడే చెప్పింది. గైడుగారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని విన్నారు. చివర్లో బల్ల మీద అరచేత్తో చిన్నగా చరిచారు.

"బంగారం దొరికింది నీకు. ఏ మాట వాడతావు? లెస్బియన్ అంటావా, క్వీర్ అంటావా?"

"ఆవిడ ఏ మాటా వాడలేదండీ. అడిగితే డ్యూటీ అంటారు."

"అదీ రాయి. కానీ అధ్యాయానికి శీర్షిక కావాలి కదా తల్లీ. డ్యూటీ అని పెడతావా?" గైడుగారు కళ్ళజోడు దింపారు. "మరి ఆ భర్తో? నీ అధ్యాయంలో ఆయనెవరు?"

"ఆయనకి తెలియదట."

"నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి తెలియదంటే నువ్వు నమ్ముతున్నావా?"

అమ్మాయి నమ్మింది. ఆ క్షణం దాకా నమ్ముతున్నానని కూడా అనుకోలేదు, అంత సహజంగా నమ్మింది. పట్టించుకోవలసినవాళ్ళు ఇద్దరు, మూడో మనిషి గోడ అవతల తీగ చుట్టుకునేవాడు. తన కాగితాల్లో ఆయన కోసం గది లేదని ఆమెకి ఇప్పుడే తోచింది.

"ఆవిడ సంగతి ఆయన్ని అడక్కు," అన్నారు గైడుగారు. "ఆయన సంగతే అడుగు. అదీ ఒక జీవితమే కదా."

ఆ మర్నాడు ఆపరేటరమ్మ పంటి డాక్టరు దగ్గరకి వెళ్ళిన సమయానికి అమ్మాయి ముందుగదిలో ఫ్యాన్లాయన ఎదురుగా కూర్చుంది. అవే షరతులు చెప్పింది. ఆయన వింటూనే పని చేసుకుంటున్నాడు. కాలిపోయిన ఫ్యాను కడుపులోంచి నల్లబడ్డ తీగ లాగి అవతల పడేశాడు. గాడుల్లో కొత్త కాగితం ముక్కలు మడిచి దోపాడు. తర్వాత చేతిమర దగ్గరకి జరిగి రాగితీగ చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టేటప్పుడు పెదవులు కదులుతుంటాయి, లెక్క. అప్పుడు మాట్లాడించకూడదని అమ్మాయికి తెలుసు. ఒక చుట్ట పూర్తయ్యాక, దారంతో కట్టాక, ఆయనే తలెత్తుతాడు.

మొదట భార్య గురించి అందరూ చెప్పేవే చెప్పాడు. మంచి మనిషి, సరదా మనిషి, పని దొంగ కాదు. రెండో చుట్ట కట్టాక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అక్క నీతో ఏదో చెప్పింది. నిన్నటినుంచి దాని ముఖం తేటగా ఉంది."

"ఒక గదిలో విన్నది ఇంకో గదిలో చెప్పకూడదండీ. మా పనిలో పద్ధతి అది."

"ఎక్స్ఛేంజిలోనూ అంతే అనేవాళ్ళు వీళ్ళు. లైన్లో విన్నది మొయ్యకూడదని." ఆయన తీగ కొసని వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నాడు. "నువ్వేమీ చెప్పొద్దులే. నేనే చెబుతాను. నాకు తెలుసు."

అమ్మాయి కళ్ళు రికార్డరు మీదకి పోయాయి. ఆపమంటాడేమో అనుకుంది. ఆపమనలేదు.

"పెళ్ళికి ముందే తెలుసు. ఆవిడే చెప్పింది. ఎక్స్ఛేంజి క్యాంటీనుకి రమ్మని కబురు పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. నేను మీ కోసం రావడం లేదు, మీ అక్క కోసం వస్తున్నాను, మీకు ఇష్టమైతేనే ఈ పెళ్ళి, లేకపోతే ఇక్కడితో మర్చిపోదాం అంది."

"మీరేమన్నారు?"

"టీ చల్లారిపోతోంది తాగండి అన్నాను." ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "నాకు ఇంకేమీ తోచలేదమ్మా. కోపం రావాలి కదా అనుకున్నాను, రాలేదు. నాతో అంత నిజం చెప్పిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. పెళ్ళి, పిల్లలు, అవి నాకు ఎప్పుడూ పెద్దగా పట్టలేదు. ఎందుకు పట్టలేదని నువ్వు అడుగుతావేమో, నాకే తెలియదు. దానికీ మీ పుస్తకాల్లో పేరుండే ఉంటుంది."

"ఉందనుకుంటానండీ," అంది అమ్మాయి. ఆ వెంటనే అలా అన్నందుకు తనని తాను తిట్టుకుంది.

"ఉండనీ. అప్పుడే ఒక మాట తీసుకుంది నా దగ్గర. మీకు తెలుసని మీ అక్కకి తెలియకూడదు, తెలిస్తే ఇంట్లో తలెత్తుకు తిరగలేదు అంది. మాటిచ్చాను. నాకు గురకని ఊరంతా చెప్పుకుంటే నవ్వుకుని ఊరుకున్నాను." ఆయన గొంతు సర్దుకున్నాడు. "నాకేమీ మిగల్లేదని అనుకోకు. సాయంత్రాలు వచ్చి ఇక్కడే, నువ్వు కూర్చున్నచోటే కూర్చునేది. నేను తీగ చుడుతుంటే రోజంతా బోర్డు మీద విన్న గొంతులన్నీ అనుకరించి చూపించేది. వంటింట్లో ఇద్దరూ గొంతు తగ్గించి నవ్వుకునేవాళ్ళు. నాకు వినబడకూడదని. నేను రేడియో పెట్టుకునేవాణ్ణి, వాళ్ళు కాస్త గట్టిగా నవ్వుకుంటారని."

ఆయన మూడో చుట్ట మొదలుపెట్టి, సగంలో లెక్క తప్పి, విప్పేశాడు.

అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. అడగవచ్చో అడగకూడదో తెలియకుండానే అడిగింది.

"అందరూ మిమ్మల్ని వచ్చి పలకరిస్తున్నారు కదా బాబాయిగారూ. ఆవిణ్ణి ఎవరు పలకరిస్తున్నారు?"

"ఆవిణ్ణా?" ఆయన తలెత్తాడు. "అక్కనా..." విప్పిన తీగని మళ్ళీ సరిచేయబోయి వదిలేశాడు. "ఆ సంగతి నాకు... నేను చూసుకోలేదమ్మా. వచ్చినవాళ్ళు నా పక్కన కూర్చుంటారు. నాకూ ఏడుపొస్తుంది. అది టీ తెస్తుంది." కొంచెం ఆగి, "నన్ను తప్పు పడుతున్నావా?" అన్నాడు.

"లేదండీ. ఊరికే అడిగాను."

"ఇదంతా రాయకు. రాస్తే అక్క చదువుతుంది. పోయినావిడకిచ్చిన మాట పోతుంది."

బస్టాపులో అమ్మాయి రెండు బస్సులు వదిలేసింది. సంచిలో రెండు రికార్డింగులున్నాయి. ఒకటి రాయమంటోంది, ఒకటి రాయొద్దంటోంది. తమ్ముడిది వింటే అక్క బరువు దిగిపోతుంది. అక్క తప్పు చేశానని కుమిలిపోతోంది. అందులో తప్పు లేదని తమ్ముడికి తెలుసు. చెప్పకుండా ఉంటానని తనే ఇద్దరికీ మాటిచ్చింది. మనుషులని కాపాడటానికి పెట్టుకున్న పద్ధతి ఇది. ఇప్పుడు ఎవరిని కాపాడుతోందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. పోనీ చెప్పేస్తే? అప్పుడు ఇంకే ఇంట్లో ఎవరు తనని నమ్మి గది తలుపు తీస్తారు? అదీకాక, ఆ ముసలాయన్ని అడిగిన చివరి ప్రశ్న ఉందే, అది ప్రశ్నా, లేక చాటుగా మోసుకెళ్ళిన కబురా?

గైడుగారికి ఫోన్ చేసింది.

"ఇద్దరికీ వేరువేరు మారుపేర్లు పెట్టు," అన్నారు గైడుగారు. "వేరువేరు అధ్యాయాల్లో వెయ్యి. ఎవరికీ తెలియదు."

"పోయిన మనిషి ఒక్కతే కదండీ. ఆవిణ్ణి రెండు ముక్కలు ఎలా చేయను?"

అన్నిటికీ సమాధానం ఉండే గైడుగారు మొదటిసారి, "నాకూ తెలియడం లేదు, రేపు మాట్లాడదాం," అన్నారు. అది విన్నాక అమ్మాయికి ధైర్యం రాకపోగా ఉన్నది కూడా పోయింది.

రాసినది చదివి వినిపించడానికి వెళ్ళిన రోజు ఇంటి నిండా జనం. రిటైరైన ఆపరేటర్లంతా కలిసి పలకరించడానికి వచ్చారు. ఆరోగ్యాలు బాగాలేక, ఇళ్ళు దూరమై, ఇన్నాళ్ళకి కుదిరిందట. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతూ, ఒకరినొకరు సీటు నంబర్లతో పిలుచుకుంటూ, గుమ్మం దగ్గరకి రాగానే ముఖాలు సర్దుకుని, వరసగా ఫ్యాన్లాయన దగ్గరకి వెళ్ళారు. ఆపరేటరమ్మ పళ్ళెంలో కప్పులతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అమ్మాయి ఆమె వెనక రెండో పళ్ళెం పట్టుకుని నిలబడింది.

ముందున్నావిడ ఫ్యాన్లాయన భుజం మీద చెయ్యి వేసింది. "ఏం చెప్పమంటావు నాయనా..."

ఫ్యాన్లాయన లేచి నిలబడ్డాడు. ఒళ్ళో ఉన్న కాగితం ముక్కలు నేలమీద పడ్డాయి.

"నాతో కాదండీ," అన్నాడు. "ముందు అక్కని పలకరించండి."

"అలాగేలే, పలకరిస్తాం. నువ్వు కూర్చో."

"కూర్చోను. ఈ కుర్చీలో అక్క కూర్చోవాలి. పోయింది అక్క మనిషి. నేను తర్వాత."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ పక్కావిడ చెవిలో, "దిగులు బుర్రకెక్కింది పాపం," అంది. ఇంకొకావిడ ఆయన్ని రెండు భుజాలూ పట్టి కూర్చోబెట్టింది. మరొకావిడ నీళ్ళు తెమ్మని కేకేసింది. ఇంతకు ముందు కంటే రెట్టింపు ఆప్యాయంగా అందరూ ఆయన్నే ఓదార్చారు. ఆయన రెండుసార్లు లేవబోయాడు, రెండుసార్లూ కూర్చోబెట్టారు. మూడోసారి లేవలేదు.

ఆపరేటరమ్మ పళ్ళెం పడేయలేదు. జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, అందరికీ కప్పులిచ్చి, చక్కెర సరిపోయిందా అని ఒక్కొక్కరినీ అడిగింది. వాళ్ళు వెళ్ళేదాకా తమ్ముడి వైపు చూడలేదు. చివరి మనిషి మెట్లు దిగాక తలుపు వేసింది.

"ఎప్పట్నుంచిరా?"

"పెళ్ళికి ముందు నుంచి."

ఆమె తల తిప్పి అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసింది. "నేను చెప్పలేదమ్మా."

"ఆ అమ్మాయి చెప్పలేదక్కా. ఆవిడే చెప్పింది నాకు. క్యాంటీనులో కూర్చోబెట్టి చెప్పింది. నీతో అనొద్దని మాట తీసుకుంది. ఇవాళ తప్పాను."

అమ్మాయి ఆ క్షణం కోసం ఎదురుచూసింది. ఇప్పుడు ఆవిడ ఏడుస్తుంది, తమ్ముణ్ణి పట్టుకుంటుంది, ఇన్నాళ్ళ బరువు దించుకుంటుంది అనుకుంది. చదివినదంతా ఆ వైపే చూపించింది. ఆపరేటరమ్మ ముఖం మాత్రం చెంపదెబ్బ తిన్న మనిషి ముఖంలా అయిపోయింది.

"నాతో చెప్పలేదు," అంది. "పడుకోబోయే ముందు రోజంతా జరిగింది పూసగుచ్చినట్టు చెప్పుకునేవాళ్ళం. నాకు తెలియకుండా తనకొక రోజు ఉందన్నమాట. అది నీ దగ్గరుంది."

"అక్కా..."

"నీకు తెలియకూడదని నేను నవ్వు మింగుకుని బతికాను. నువ్వేమో రేడియో పెట్టుకునేవాడివి. ఎందుకురా పెట్టుకునేవాడివి?"

ఆమెకి చెప్పనక్కరలేకపోయింది. కుర్చీ అంచు పట్టుకుని, మెల్లగా, ఇంతసేపూ పలకరించినవాళ్ళు కూర్చున్న కుర్చీలో కూర్చుంది.

"అమ్మాయ్, నేను చెప్పినదంతా తప్పు. సగం తెలియకుండానే చెప్పాను."

"కొట్టెయ్యమంటారా అమ్మా?" అంది అమ్మాయి. కొట్టెయ్యమంటే మంచిదో వద్దంటే మంచిదో ఆమెకి తెలియడం లేదు. సంచిలోంచి తీసిన కాగితాలు చేతిలో ఉన్నాయి. మొదటి వాక్యమే భర్తకి తెలియదని.

ఆపరేటరమ్మ ఆ మాట విననట్టే ఉంది. తమ్ముడి వైపు కుర్చీ జరుపుకుంది. నెల రోజులుగా ఆమె దగ్గరున్నవన్నీ పాత రోజులే, ప్రతిదీ ఎన్నోసార్లు తలుచుకుని అరిగిపోయిన రోజులు. ఇప్పుడు తను ఎరగని ఒక పూట దొరికింది.

"చెప్పు," అంది. "మొదట్నుంచీ చెప్పు. తను ఎలా వచ్చింది, ఎక్కడ కూర్చుంది, ముందు ఏ మాట అంది. ఒక్క ముక్క వదలకు."

రికార్డరమ్మాయి వెళ్ళిపోవాలా ఉండాలా తెలియక తలుపు దగ్గర నిలబడిపోయింది. ఆమెని పొమ్మనీ ఉండమనీ ఎవరూ అనలేదు. ఫ్యాన్లాయన చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"వానగా ఉందారోజు. క్యాంటీనులో కిటికీ పక్క బల్ల..."

"వానేమిటి, ఆ వారమంతా ఎండలే. నువ్వెప్పుడూ ఇంతే, దేన్నో దేనికో కలిపేస్తావు."

"నువ్వున్నావా అక్కడ?"

ఆపరేటరమ్మ నోరు తెరిచి, ఆగింది.

"లేను," అంది. "చెప్పు."